బొట్ల కింద పోయిన మాటలు

మొన్న మధ్యాహ్నం వరండాలో కూర్చుని కొబ్బరి కోరుతుంటే మా మనవరాలు బడి నించి వచ్చి పలక నా ఒళ్ళో పడేసింది. మొహం వేలాడేసుకుని ఉంది.

"అమ్మమ్మా, మా పంతులమ్మ ఆర్, ఐ, యన్ అని మూడక్షరాలిచ్చింది. ఆ మూడూ ఉన్న ఇంగ్లీషు మాటలు పది రాసుకు రావాలిట. నాకు రెయిన్ ఒక్కటే తట్టింది."

నేను కోరాం మీద నించి చెయ్యి తియ్యకుండానే అందుకున్నాను. "అయిరన్ అంటే ఇనుము. రింగ్ అంటే ఉంగరం. గ్రెయిన్ అంటే గింజ. స్ట్రింగ్ అంటే దారం. బ్రింగ్ అంటే తీసుకురా. ప్రిన్స్ అంటే రాజకుమారుడు. స్ప్రింగ్ అంటే వసంతం. మార్నింగ్ అంటే ఉదయం. డ్రెయిన్ అంటే మురుగుకాలవ. ఇంకా కావాలా?"

అది నోరు తెరుచుకుని నా కేసి చూసింది. "నీకు ఇంగ్లీషు వచ్చా!"

"రాదే తల్లీ."

"మరి ఇవన్నీ ఎక్కడివి? సరే, ఇదేంటో చెప్పు," అని పలక మీద ఒక అక్షరం రాసి నా కళ్ళ ముందు పెట్టింది.

"నాకేం తెలుసే, రాసినదానివి నువ్వే చెప్పాలి."

ఆటపట్టిస్తున్నానని అలిగి వెళ్ళిపోయింది. ఉన్న మాటే చెప్పాను. ఇంగ్లీషు అక్షరాల పేర్లు నాకు ఇరవయ్యారూ తెలుసు. వాటి మొహాలే ఎన్నడూ సరిగ్గా చూడలేదు. అదెలా అయిందో చెప్పాలంటే మా లాకు దగ్గరికి వెళ్ళాలి.

నిడదవోలు నించి నరసాపురం వెళ్ళే దారిలో కాలవ మీద మా లాకు. ఇప్పటి పిల్లలకి రైలు తప్ప ఏమీ తెలియదు కాబట్టి లాకంటే ఏంటో కూడా చెప్పాలి. ఎగువన కాలవ ఎత్తులో ఉంటుంది, దిగువన పల్లంలో ఉంటుంది. మధ్యలో పెద్ద రాతి తొట్టి. దానికి అటో జత ఇటో జత చెక్క తలుపులు. పడవ తొట్లోకి వచ్చాక వెనక తలుపులు మూసి, నీళ్ళు నింపో వదిలో పడవని పైకెత్తడమో కిందికి దించడమో చేస్తారు. ఆ తలుపులు తీసి మూసే మనిషిని లస్కరంటారు. మా నాన్న లస్కరు. నాన్నకి ముందు తాతయ్య. లాకు పక్కనే రెండు గదుల పెంకుటిల్లు, దాన్ని ఆనుకుని వరదొచ్చినప్పుడు చెక్క పలకలెత్తి నీళ్ళు మురుగులోకి వదిలే తూము. నేను కళ్ళు తెరిచింది అక్కడే.

లోకమంతా మా గుమ్మం ముందు నించే వెళ్ళేది. పడవ కంటబడకముందే వాసన వచ్చేది. బెల్లం పడవ ఒక వాసన, సున్నం పడవ ఒక వాసన, ఎండు చేపల పడవ వస్తుంటే మా అమ్మ ముక్కుకి కొంగడ్డం పెట్టుకుంటూనే చేటతో ఎదురెళ్ళేది. పడవ తొట్లో నిలబడ్డంతసేపూ ఊళ్ళ కబుర్లన్నీ మా అరుగు మీద రాలేవి. మామిడిపళ్ళ పడవవాళ్ళు మాకు రెండు పళ్ళు విసిరేవాళ్ళు. విసరకపోతే మామ్మ ఊరుకునేది కాదు. "పిల్లలున్న గుమ్మం ముందు నించి పళ్ళు మోసుకుపోతూ చూపు తిప్పుకుంటారేంట్రా?" అని గట్టు మీద నించే కేకేసేది. మామ్మంటే నాన్నని కన్నతల్లి. అప్పటికి ఆవిడకి యాభై కూడా లేవేమో. నా కళ్ళకి మాత్రం లాకు కట్టకముందు నించీ ఉన్నావిడలా కనబడేది.

ఎండాకాలంలో ఆనకట్ట దగ్గర కాలవ కట్టేసేవారు. బాగుచేతలకని రెండు నెలలు నీళ్ళుండవు. పడవలు ఎక్కడివక్కడ బురదలో కూలబడేవి. మడుగుల్లో మిగిలిన చేపలు పట్టుకోవడానికి పిల్లలం మోకాళ్ళ దాకా దిగేవాళ్ళం. ఎండిన బురద వాసన, దాంట్లో చింతచిగురు పులుసు కాగే వాసన. ఆ రెండూ కలిస్తే నాకు ఎండాకాలం.

ఆ రోజుల్లోనే మా బాబాయి వచ్చేవాడు. నాన్నకి ఒక్కడే తమ్ముడు, పదిహేడేళ్ళవాడు. నరసాపురంలో దొరల బళ్ళో చదివేవాడు. వస్తూ బడి నించి ఎరువు తెచ్చుకున్న మాటల పుస్తకం ఒకటి తెచ్చేవాడు. దేవుడి మాటలు, ఆకాశం మాటలు, ఇంట్లో సామాన్లు, ఒంట్లో అవయవాలు, జంతువులు అని వర్గాలు వర్గాలుగా ఇంగ్లీషు మాటలూ పక్కన తెలుగు అర్థాలూ. తెల్లవారీ వారకముందే అరుగు మీద కూర్చుని ఊగుతూ వల్లించేవాడు. "ఆర్ ఐ వి ఈ ఆర్ రివర్, రివర్ అంటే నది. బి ఓ ఏ టి బోట్, బోట్ అంటే పడవ." ఆ రోజుల్లో ఏ చదువైనా అలాగే. ముందు నోటికి రావాలి, తరవాతే బుర్రకి.

ఆ వేళకి నేను గుమ్మం లోపల మజ్జిగ చిలికేదాన్ని. బాబాయి ఒక మాట అంటే కవ్వం ఒకసారి తిరిగేది. రెండు ఎండాకాలాలయ్యేసరికి పుస్తకం మొత్తం నాకొచ్చేసింది. బాబాయికి రాలేదు. మధ్యలో ఆగిపోయి తల గోక్కుంటుంటే నేను లోపల్నించి అందించేదాన్ని. వాడికి ఒళ్ళు మండేది.

"ఏయ్, నువ్వు మజ్జిగ చూసుకోవే! పుస్తకం మీద చెయ్యేశావో విరగ్గొడతాను. అది బడిది."

నేనెప్పుడూ వెయ్యలేదు. చెవుల్తో దొరికేదానికి చేతులెందుకు? కాకపోతే ఒకసారి జడ పట్టుకు లాగాడని కోపమొచ్చి, వాడు తడబడినప్పుడు "ఆక్స్ అంటే గాడిద, ఆస్ అంటే ఎద్దు" అని అందించాను. పుస్తకం వైపు చూసుకోకుండా రెండు రోజులు అలాగే ఊగాడు, పాపం.

ఇక కాయితం సంగతి. దేవుడి గూట్లో వెదురు గొట్టం ఒకటుండేది. దాంట్లో తాతయ్యకి ఇంజినీరు దొర ఇచ్చిన కాయితం ఉండేది. బాబాయి పుట్టకముందు కాలవకి పెద్ద వరదొచ్చిందిట. తూము పలకలు వేళకి ఎత్తి గట్టు తెగకుండా కాపాడాడని దొర తాతయ్యని మెచ్చుకుని స్వయంగా రాసిచ్చాడుట. ఇంట్లో ఎవరికీ ఇంగ్లీషు రాదు, ఎవరూ చదవలేదు. తాతయ్య పోయాక మామ్మ దసరాకి లాకు తాళాలూ గునపాలూ గొలుసులూ కడిగి పూజలో పెట్టినప్పుడు ఆ కాయితం కూడా విప్పి పెట్టేది. నీళ్ళలో కలిపిన పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, అక్షింతలు వేసి, ఆరాక మళ్ళీ చుట్టేసేది. బొట్లు ఎక్కడ పడితే అక్కడ పెట్టేది కాదు. సిరా దట్టంగా ఉన్నచోట, అక్షరాలు పెద్దవిగా ఉన్నచోట చూసి పెట్టేది. మంచి మాటలు అక్కడే ఉంటాయని ఆవిడ నమ్మకం.

ఆ ఎండాకాలం బిళ్ళ బంట్రోతు ఒకడు ఎండిన కాలవగట్టు మీద నడుచుకుంటూ వచ్చాడు. కొత్త ఓవర్సీరు గారొచ్చారుట. నీళ్ళొదిలాక మొదటి పడవలో లాకులన్నీ చూసుకుంటూ వస్తారుట. లాకుల దగ్గరున్నవాళ్ళు ఏ ఆధారంతో ఉన్నారో కాయితాలు చూపించాలిట. చూపించలేనివాళ్ళని తీసేసి వేరే వాళ్ళని వేస్తారుట.

"మనకుందిగా కాయితం," అని నాన్న వాడికి మజ్జిగిచ్చి పంపేశాడు. ఆ తరవాత గొట్టం తీసి కాయితం విప్పాడు.

చిల్లులు పడ్డ అట్టులా ఉంది కాయితం. బొట్టు పెట్టిన ప్రతిచోటా సిరా కరిగిపోయి, పురుగు తినేసి, గుండ్రంగా ఒక కన్నం. బొట్టు పడని చిన్న చిన్న మాటలు మాత్రం, వాటి మీదికి మామ్మ వేలు పోలేదు కాబట్టి, శుభ్రంగా మిగిలాయి.

మామ్మ వచ్చి చూసింది. గోడకి చేరగిలబడి కూర్చుంది.

"నేనే పాడుచేశానురా."

"పూజ చేశావమ్మా, పాడుచెయ్యలేదు," అన్నాడు నాన్న.

"రెండూ ఒకటే అయ్యాయి కదరా. నీ నోటి దగ్గర కూడు నా చేత్తో చెరిపేశాను." ఆ పూట ఆవిడ కంచం ముందు కూర్చోలేదు.

బాబాయి కాయితం అటూ ఇటూ తిప్పాడు. "కన్నాల చుట్టూ అక్షరాలు మిగిలాయన్నయ్యా. ఏ మాటలో ఏ అక్షరాలున్నాయో చూసి, అవి ఉన్న మాటలు వెతికితే దొరుకుతాయి. పక్కన వేరే కాయితం మీద మంచి నకలు రాసిస్తాను."

"ఎన్ని మాటలు తెలుసేంటి నీకు?"

ఆ ఏడు బడివాళ్ళు పుస్తకం ఎరువివ్వలేదు, బాబాయి తల గోక్కున్నాడు. గుమ్మం దగ్గర నించి నేనన్నాను, "నాకు తెలుసు నాన్నా."

ఎవరూ నవ్వలేదు. నవ్వే స్థితిలో లేరు.

ఖాళీ లాకు తొట్టి అడుగున కూర్చునేవాళ్ళం. ఎండాకాలం మొత్తం ఊళ్ళో అంత చల్లటి చోటు ఇంకోటి లేదు. రాళ్ళకి నాచు పట్టి, అడుగున తడి ఆరక, మాట్లాడితే గొంతు రెండేసిసార్లు వినబడేది. బాబాయి మోకాలి మీద కాయితం. నేను ఎదురుగా కళ్ళు మూసుకుని. మామ్మ కూడా మెట్లు దిగి వచ్చి, చింతపండు ముందేసుకుని పిక్కలు తీస్తూ కూర్చునేది. తన తప్పు ఎంతవరకు బాగుపడుతుందో దగ్గరుండి చూసుకోవాలని.

పని ఇలా సాగేది. కన్నం ఒడ్డున మిగిలిన అక్షరాలు బాబాయి పేర్లతో చెప్పేవాడు. నేను పుస్తకం మొదటి వర్గం నించి లోపల లోపల వల్లించుకుంటూ, ఆ అక్షరాలున్న మాట తగిలినప్పుడల్లా పైకి అనేదాన్ని. బాబాయి కొబ్బరి ఈనె ముక్క ఒకటి కన్నం మీద పెట్టి, ఎన్ని అక్షరాలు పడతాయో కొలిచి, పట్టనివి తీసేసేవాడు. అక్షరాల మొహాలు వాడివి, మాటలు నావి. ఒకరి దగ్గర లేనిది ఇంకొకరి దగ్గర.

వరద, నీళ్ళు, తూము, మూడు రోజులు. ఇవి మొదటిరోజే దొరికాయి. ఆ తరవాత ఒక కన్నం దగ్గర ఆగాం.

"వి, ఈ, ఆర్," అన్నాడు బాబాయి. "ముందేదో పోయింది."

"రివర్ అంటే నది. సిల్వర్ అంటే వెండి. ఓవర్ అంటే మీద. క్లెవర్ అంటే తెలివైన. ఫీవర్ అంటే జ్వరం."

"వెండి! దొర నాన్నకి వెండి కడియమిచ్చుంటాడు!"

"ఇస్తే ఏదిరా? నువ్వేమన్నా చూశావా?" అంది మామ్మ.

ఈనె పెడితే వెండి పట్టలేదు. ముందు మాటలేమో 'మంచం మీద పడుకుని ఉండెను' అని చక్కగా మిగిలి ఉన్నాయి. జ్వరం ఒక్కటే సరిపోయింది. లస్కరు మూడు రోజులూ జ్వరంతో మంచం మీద పడుకుని ఉండెను.

బాబాయి తలెత్తాడు. "అదేంటమ్మా? వరదలో నాన్నకి జ్వరమొచ్చిందా?"

"మనిషన్నాక రాదా?" అంది మామ్మ, చింతపిక్క దూరంగా విసిరేస్తూ.

మర్నాడు తరవాతి కన్నం. డబ్లియూ, యఫ్ ఉన్నాయి. చిన్న మాట.

"ఫ్లవర్ అంటే పువ్వు. ఫౌల్ అంటే కోడి..."

"కోడి పడుతుంది, కోడి!" అని బాబాయి అక్షరాల వరస చూసుకోకుండానే చదివేశాడు. "అతను జ్వరంతో పడుకుని ఉండగా అతని కోడి తూము పలకలు ఎత్తెను."

"కోడి ఎత్తిందిట్రా పలకలు! ఈ చదువుకేనా నిన్ను నరసాపురం పంపింది!" అని మామ్మ తొట్టి మారుమోగేలా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ మధ్యలో ఆగిపోయింది.

నేనింకా వల్లిస్తూనే ఉన్నాను. మనుషుల వర్గానికొచ్చాను. "వైఫ్ అంటే భార్య."

బాబాయి ఈనె పెట్టలేదు. వాడూ నేనూ ఒకేసారి మామ్మ వైపు చూశాం. ఆవిడ చింతపండు మూట కట్టేసుకుని, "ఎండ లోపలికి దిగుతోంది, పదండి," అని మెట్లెక్కిపోయింది. ఎండ ఎక్కడా దిగలేదు.

మూడోరోజు రాదనుకున్నాం. వచ్చింది. పిక్కలు తీసిన చింతపండే మళ్ళీ ముందేసుకుని కూర్చుంది.

"యు, బి, యన్," అన్నాడు బాబాయి, గొంతు తగ్గించి.

"నంబర్ అంటే లెక్క. బండిల్ అంటే మూట. బర్డెన్ అంటే బరువు. టర్బన్ అంటే తలపాగా."

"అదే," అంది మామ్మ.

ఒక్క ఇంగ్లీషు ముక్క రాని మనిషి, ఈనె అక్కర్లేకుండా, కన్నంలో ఏముందో చెప్పేసింది.

"ఆ దొరకి తెలుసన్న మాట," అంది మళ్ళీ, తనలో తను. "ఇన్నేళ్ళూ తెలీదనుకున్నాను."

అప్పుడు చెప్పింది. తాతయ్యకి చలిజ్వరం. ఒంటి మీద తెలివి లేదు. కాలవ గంట గంటకీ పెరుగుతోంది. నాన్న అప్పుడు పదేళ్ళవాడు, మొగల్తూరులో మేనమామ ఇంట్లో ఉన్నాడు. ఊళ్ళోకి కబురంపుదామంటే లస్కరు పడుకున్నాడని తెలిస్తే ఉద్యోగం పోతుంది. అందుకని తనే తాతయ్య తలపాగా చుట్టుకుని, గొంగళి కప్పుకుని, గునపం పుచ్చుకుని తూము మీద నిలబడింది. గట్టు మీద పోయేవాళ్ళు తాతయ్యేననుకుని కేకేస్తే చెయ్యూపేది. రెండోరోజు దొర పడవలో వచ్చి ఆగాడు. ఏదో అడిగాడు. ఈవిడ తలవంచుకుని, నీళ్ళకేసి చెయ్యి చూపించింది. దొర కాసేపు చూసి వెళ్ళిపోయాడు. నెలరోజులకి కాయితం వచ్చింది.

"కనిపెట్టలేదనే అనుకున్నాను. మీ నాన్న కూడా పోయేదాకా దొర తననే మెచ్చుకున్నాడనుకున్నాడు. తలపాగా అయితే చుట్టాను గానీ," అని తన కాళ్ళు చూసుకుంది, "మెట్టెలు తియ్యడం మర్చిపోయాను కదరా."

బాబాయి నవ్వబోయాడు. మామ్మ వాడి వైపు తిరిగింది. "నువ్వప్పుడు కడుపులో ఉన్నావు. అయిదో నెల."

వాడి నవ్వు అక్కడే ఆగిపోయింది.

ఆ సాయంత్రం నాన్న దగ్గర పేచీ మొదలైంది. ఆ మాటలు నకల్లో రాయొద్దని మామ్మ. "జ్వరం తీసెయ్యి. భార్య తీసెయ్యి. ఆయనే ఎత్తాడని రాయి. అక్కడ కన్నమేగా ఉంది, ఏం రాస్తే ఎవడికి తెలుస్తుంది?"

నాన్నకీ ఆ సంగతి అప్పుడే తెలిసింది. అయినా బాబాయితో అన్నాడు, "దొరికిన మాట దొరికినట్టు రాయరా. దొరకనిచోట ఖాళీ వదిలెయ్."

"మీ నాన్న పరువురా!"

"జ్వరమొస్తే పరువు పోతుందా అమ్మా?"

"లస్కరు పడుకుంటే పోతుంది. ఆడది సర్కారు పలకలెత్తిందంటే ఉద్యోగమూ పోతుంది. రేపు పిల్లల్ని తీసుకుని ఎక్కడికెళతావు?"

"వెళ్ళాల్సి వస్తే అప్పుడు చూద్దాం," అన్నాడు నాన్న. కానీ ఆ రోజు నించీ ఆయన తలుపుల గొలుసులకి ఆముదం రాయడం, గడ్డి పీకడం, అక్కర్లేని పనులన్నీ చెయ్యడం చూశాను. మామ్మ ఆయనతో మాట్లాడ్డం మానేసింది. "మీ నాన్నని అన్నానికి రమ్మను," "మీ నాన్నని తల తుడుచుకోమను," అని ఎదురుగా కూర్చున్న మనిషికి నా చేత కబుర్లు పంపేది.

నీళ్ళొచ్చేశాయి. ముందు నురగ, ఎండుటాకులు, చచ్చిన కప్పలు, వాటి వెనక ఎర్రనీరు, బుసబుసమంటూ పాక్కుంటూ వచ్చింది. పిల్లలం గట్టు మీద దాంతో సమానంగా పరిగెత్తాం. ఓవర్సీరు గారి పడవ ఆ వెనకే వచ్చింది. సన్నగా పొడుగ్గా ఉన్న మనిషి, రాజమండ్రి వైపాయన. మా అరుగు మీద కూర్చుని, అసలు కాయితం ఒక మోకాలి మీదా నకలు ఒక మోకాలి మీదా పెట్టుకుని చదివాడు. మధ్యలో వెనక్కెళ్ళి మళ్ళీ చదివాడు. నాన్న చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఈవిడున్నారా ఇప్పుడు?"

మామ్మ తలుపు వెనక నించి నా జబ్బ గిల్లి, "లేరని చెప్పు," అంది.

నేను బయటికెళ్ళి, "లేరని చెప్పమన్నారండి," అన్నాను.

ఓవర్సీరు గారు పెద్దగా నవ్వలేదు గానీ మీసం కదిలింది. తలుపు వైపు తిరిగి కూర్చున్నాడు. "మామ్మగారూ, ఆ ఏటి వరద లెక్కలు మా దగ్గర లేవండి. కచేరీలో పుస్తకాలు తడిసిపోయాయి. ఇప్పుడు ఈ గట్టు ఎత్తు పెంచాలంటున్నారు. ఎంత పెంచాలో చెప్పేవాళ్ళు లేరు. నీళ్ళు ఎంతవరకు వచ్చాయో మీకు గుర్తుందాండి?"

తలుపు వెనక నించి, "లాకు గోడకి పై నించి మూడో వరస రాయి దాకా," అని వినబడింది.

"పలకలు ఎన్ని ఎత్తారండి?"

"ఒకేసారి ఎత్తుతారా ఎవరన్నా? మొదటిరోజు పొద్దున్న రెండు. మధ్యాహ్నానికి ఇంకోటి. అన్నీ ఎత్తేస్తే దిగువ చేలు పోవూ?"

ఆయన జేబులోంచి పుస్తకం తీశాడు. "మీరు కాస్త బయటికొచ్చి చూపిస్తే..."

వచ్చింది మామ్మ. కొంగు నిండుగా కప్పుకుని, ముందు గుమ్మంలో నిలబడి, తరవాత అరుగంచు దాకా, ఆ తరవాత లాకు గోడ దగ్గరికి. ఎక్కడ నిలబడిందో, పలక బిగుసుకుపోతే గునపం ఎక్కడ ఆనించిందో, నీళ్ళ రంగు ఎప్పుడు మారిందో, ఏ చప్పుడు విని గట్టు మెత్తబడుతోందని తెలుసుకుందో, ఏ చోట గడ్డిమోపులు తోసిందో. చేతులతో చూపిస్తూ చెబుతోంది. ఆయన రాసుకుంటున్నాడు. నాన్న గట్టు మీద చతికిలబడి, చిన్నపిల్లాడు కథ విన్నట్టు వింటున్నాడు. ఎగువన నాలుగు పడవలు పోగయ్యాయి. "ఓ లస్కరూ! తలుపులు తీస్తావా, మమ్మల్నే తీసుకోమంటావా?" అని పడవవాళ్ళు అరుస్తున్నారు. నాన్న లేవలేదు. మామ్మ చెప్పడం అయ్యేదాకా ఆ లాకు తలుపులు తెరుచుకోలేదు.

ఓవర్సీరు గారు పడవెక్కబోతూ నాన్నతో అన్నాడు, "ఈ లాకుకి వేరే మనిషెందుకండి? ఉన్నవాళ్ళు చాలు." మా నాన్న ఒంట్లో ఓపికున్నన్నాళ్ళూ అక్కడే పనిచేశాడు. నా పెళ్ళి ఆ అరుగు మీదే జరిగింది.

ఆ పొద్దుగూకే వేళ నాన్న కాళ్ళు కడుక్కుని వస్తూ అడిగాడు. "ఇన్నేళ్ళూ ఒక్కసారన్నా చెప్పలేదేంటమ్మా?"

"ఎవరన్నా అడిగారా?" అంది మామ్మ, చాలారోజులకి నేరుగా ఆయనతోనే.

తరవాత నన్ను పక్కన కూర్చోపెట్టుకుంది. వాన పడేలా గాలి తిరిగింది. మినప్పప్పు రుబ్బి మా అమ్మ లోపల దిబ్బరొట్టె వేస్తోంది.

"చివర్న ఇంకో కన్నం మిగిలిపోయిందిట కదే. నా గురించేనా?"

"అవును మామ్మా. 'ఆమె ఒక ఏదో స్త్రీ' అని ఉందిట. ఆ ఏదో దగ్గర మధ్యలో ఆర్ ఒక్కటే మిగిలింది. చాలా మాటలు పడతాయని నాన్న ఖాళీ వదిలెయ్యమన్నాడు."

"ఏవేం పడతాయో చెప్పు. అన్నీ చెప్పు, దాచకు."

కళ్ళు మూసుకుని గుణాల వర్గం తీశాను. "బ్రేవ్ అంటే ధైర్యం గల."

"ధైర్యమా! కాళ్ళు ఒకటే వణుకు. తరవాత?"

"స్ట్రాంగ్ అంటే బలమైన."

"ఊఁ."

"ప్రౌడ్ అంటే గర్వం గల. స్ట్రేంజ్ అంటే వింత అయిన."

"వింతే అనుకునుంటాడు మెట్టెలు చూసి. ఇంకా?"

"క్రూయెల్ అంటే క్రూరమైన. టైర్డ్ అంటే అలసిన."

మామ్మ నా చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది. చింతపండు పులుపుకి ఆవిడ వేళ్ళ చివర్లు పగిలి గరుగ్గా ఉన్నాయి.

"ఇంకా ఉన్నాయి మామ్మా, చెప్పనా?"

"వద్దు. అదే అయ్యుంటుంది."

బాబాయి అక్కడ బ్రేవ్ అని రాస్తానని చాలారోజులు బతిమాలాడు. నాన్న ఒప్పుకోలేదు, ఆ చోటు ఖాళీగానే ఉంది. మామ్మకి మాత్రం అది ఖాళీ కాదు. పడవవాళ్ళెవరన్నా మా అరుగు మీద కూర్చుని, దొర మీ గురించి ఏం రాశాడు మామ్మా అని అడిగితే, చేస్తున్న పని ఆపి, నిదానంగా చెప్పేది.

"నేను అలిసిపోయానని రాశాడయ్యా. చూశాడు కదా, తెలిసింది."